పేరూ పెత్తనమూ వారివే కావాలంటే: కొండ ఊరి మహిళా సంఘం సౌర మిల్లు నెలకొల్పుకొనే విధానం

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండ ఊళ్లలో, అంటే సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపూ, మందస, మెళియాపుట్టి సవర గూడేల్లోనూ, శృంగవరపుకోట, మెంటాడ మండలాల ఎగువ గ్రామాల్లోనూ సోలార్ ప్యానెల్ ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. వీధి దీపానికో, తాగునీటి పంపుకో, అంగన్‌వాడీ కప్పుకో ఎక్కడో ఒకచోట అది కనిపిస్తూనే ఉంటుంది. అయితే ప్రారంభోత్సవం నాటి ఫొటోలో మహిళా సంఘం పేరుతో నిలిచిన యంత్రం, ఏడాది తిరిగేసరికి తాళం ఒకరి దగ్గర, లెక్క మరొకరి దగ్గర, మరమ్మతుకు ఎవరిని పిలవాలో ఎవరికీ తెలియని స్థితిలో పడి ఉండటం కూడా మామూలే. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అయిన చోట ఇలాగే జరుగుతుంది. సవర, జాతాపు, గదబ, కొండదొర మహిళల సంఘం ఒక చిన్న సౌర మిల్లును నెలకొల్పుకొని, దాని స్థలం, డబ్బు, పనిముట్లు మూడింటినీ తన చేతిలోనే ఉంచుకోవడానికి ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. సంఘం సభ్యులతోపాటు వారికి కాగితాలు రాసిపెట్టే వెలుగు (ప్రభుత్వ పేదరిక నిర్మూలన కార్యక్రమం) సిబ్బందికీ, ఊళ్లో చదువుకొన్న అమ్మాయిలకూ ఇది ఉపయోగపడుతుంది.

ముందు పని, తరువాతే ప్యానెల్

చాలా సంఘాలు ‘ఏ పథకంలో ఎన్ని కిలోవాట్లు ఇస్తారు’ అన్న ప్రశ్నతో మొదలుపెడతాయి. అలా కాకుండా, ఊళ్లో ఆడవాళ్ల నడుము విరగ్గొడుతున్న పని ఏది అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. చోళ్లు (రాగులు), సామలు దంచడమా, పసుపు పొడి చేయించడానికి దిగువ ఊరి మిల్లుకు మోసుకుపోవడమా, చింతపండు వానకు తడిసి నల్లబడిపోవడమా అన్నది ఊరిని బట్టి మారుతుంది. సంఘం సమావేశంలో ఒక్కొక్కరినీ అడిగి, ఏ నెలలో ఏ పంట ఎన్ని కిలోలు ఇంటికి వస్తుందో రాసుకొంటే, యంత్రానికి ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరుకుతుందో తేలిపోతుంది. పసుపు ఒక్కదానికే మిల్లు పెడితే అది మూడు నెలలు తిరిగి తొమ్మిది నెలలు బూజు పడుతుంది. చోడిపిండి, పసుపు, మిరప మూడూ ఆడగలిగితేనే ఖర్చు గిట్టుతుంది. అయితే మిరప ఆడిన గదిలోనే చోళ్లు ఆడితే పిండి ఎవరూ కొనరు కాబట్టి రోజులు వేరుగా పెట్టుకోవాలి, లేదా చిన్నదైనా మరో గిర్ని తీసుకోవాలి.

వేడి కావలసిన పనులకు సౌర విద్యుత్తు వాడాలనుకోవడం వృథా. జీడిపిక్కలను ఉడికించడానికి ఆవిరి కావాలి, దానికి పొయ్యే గతి. చింతపండు, పసుపు కొమ్ములు, అనాస ముక్కలు ఆరబెట్టడానికి కరెంటు అవసరమే లేదు, పారదర్శకమైన షీటు కప్పిన సోలార్ డ్రయ్యరు చాలు. అనాస నిల్వకు శీతల గది కావాలని సీతంపేట వైపు తరచూ అడుగుతారు. అది రాత్రింబవళ్లు నడవాలి కనుక బ్యాటరీల ఖర్చు మీద పడుతుంది. మిల్లు నడిపి రెండు మూడేళ్లు లెక్కలు చూసుకొన్న సంఘమే ఆ జోలికి పోవడం మేలని నా అభిప్రాయం.

స్థలం కాగితం

ఈ దశను దాటవేసిన సంఘాలే తరువాత ఎక్కువగా చిక్కుల్లో పడతాయి. మొదట మీ ఊరు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట (షెడ్యూల్డ్ ప్రాంతంలో) ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. గిరిజనులే ఉన్న ఊరైనా షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి గ్రామాలు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టిన తరువాత సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలోని పలు మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అందువల్ల అర్జీ ఏ కలెక్టరేటుకు వెళ్లాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

షెడ్యూల్డ్ ప్రాంతంలో 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 నాటి సవరణ, అంటే జనం 1/70 అని పిలిచే చట్టం, అమలులో ఉంటాయి. దాని ప్రకారం భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, కౌలుకు ఇవ్వడం కూడా చెల్లదు. ఆ భూమి గిరిజన వ్యక్తికి గానీ, 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదై పూర్తిగా గిరిజన సభ్యులతోనే ఉన్న సంఘానికి గానీ మాత్రమే బదిలీ కావచ్చు. ఇక్కడొక మెలిక ఉంది. మన మహిళా సమాఖ్యలు చాలావరకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదై ఉంటాయి, కొన్నింటిలో గిరిజనేతర సభ్యులూ ఉంటారు. కాబట్టి స్థలాన్ని సంఘం పేరిట రాయించుకొనే ముందు రిజిస్ట్రేషన్ పత్రంలో ఏ చట్టం పేరు ఉందో చూసి, ఐటీడీఏలోని న్యాయ సలహాదారు చేత ఒక్క పేజీ అభిప్రాయం రాయించుకోవాలి.

అటవీ భూమి అయితే దారి వేరు. 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షను ప్రకారం, ప్రభుత్వం నిర్వహించే కొన్ని సామాజిక సౌకర్యాలకు ఒక్కొక్కదానికి హెక్టారులోపు భూమిని గ్రామసభ సిఫారసుపై కేటాయించవచ్చు. అంగన్‌వాడీ, రోడ్లు, తాగునీటి సరఫరా మొదలైన వాటితోపాటు సంప్రదాయేతర ఇంధన వనరులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఈ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట ఉన్న అటవీ గ్రామాలకూ వర్తిస్తుంది. ఈ చట్టం కింద జరిగే గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలనీ, వచ్చినవారిలో కనీసం మూడోవంతు మహిళలు ఉండాలనీ నియమం. హాజరు పుస్తకంలో మగవారి సంతకాలు నింపి, ఆడవారి వేలిముద్రలు మర్నాడు ఇంటింటికీ తిరిగి సేకరించే అలవాటు ఉన్న చోట దాన్ని మొదటి సమావేశంలోనే ఆపించాలి. అలాంటి తీర్మానాన్ని ఎవరైనా సవాలు చేస్తే నిలబడదు.

ఇవేవీ కుదరకపోతే సభ్యురాలి ఇంటి పక్క షెడ్డులో పెట్టుకోవచ్చు గానీ, ఆమెతో కనీసం పదేళ్ల ఒప్పందం రాసుకోవాలి. మాట మీద పెట్టిన యంత్రం ఆ ఇంటివాళ్ల సొత్తు అయిపోతుంది.

సంతకాలు, తాళాలు, సమావేశాలు

బ్యాంకు ఖాతాను మిల్లు కోసం విడిగా తెరవాలి. ముగ్గురు మహిళలకు సంతకం చేసే అధికారం ఇచ్చి, ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లేటట్లు రాయించాలి. ఆ ముగ్గురు ఒకే ఇంటిపేరువారు కాకుండా చూసుకోవాలి. ఏటీఎం కార్డు తీసుకోకపోవడమే మంచిది. తీసుకొంటే దాని రహస్య సంఖ్య భర్తకో, కొడుకుకో, పుస్తకాలు రాసే యానిమేటరుకో చేరడానికి వారం పట్టదు. బ్యాంకు నుంచి వచ్చే సందేశాలు సంఘం సభ్యురాలి ఫోనుకే రావాలి. ఆమెకు చదవడం రాకపోతే చదివి వినిపించే అమ్మాయిని సంఘమే తీర్మానం ద్వారా ఎంచుకోవాలి.

అధ్యక్షురాలిని రెండేళ్లకోసారి మార్చాలన్న నియమాన్ని రిజిస్ట్రేషన్ నాడే నిబంధనావళిలో చేర్చాలి. మంచి నాయకురాలు దొరికినప్పుడు మార్చడం నష్టమనిపిస్తుంది. కానీ ఒక్కరికే అన్నీ తెలిసిన సంఘంలో ఆమె జబ్బుపడిన నెల మిల్లు ఆగుతుంది. పాత అధ్యక్షురాలిని తరువాతి రెండేళ్లు కోశాధికారి పక్కన కూర్చోబెడితే అనుభవం వృథా కాదు. సమావేశం వేళ కూడా ఆలోచించి పెట్టాలి. అధికారులకు వీలని పగలు పదకొండు గంటలకు పెడితే పోడులోనూ, జీడితోటల్లోనూ ఉన్నవారు రారు, ఇంటిపట్టున ఉండేవారే నిర్ణయాలు చేస్తారు. చీకటి పడ్డాక మిల్లు గది ముందే పెట్టుకొంటే అందరూ వస్తారు, యంత్రాన్నీ చూస్తారు.

మగవాళ్లను దూరంగా ఉంచమని ఇక్కడ చెప్పడం లేదు. బస్తాలు మోయడానికీ, గోడ కట్టడానికీ, సరుకు దిగువకు దించడానికీ వారు రావాలి, చేసిన పనికి కూలి తీసుకోవాలి. ధర నిర్ణయించే సమావేశంలో మాత్రం ఓటు సభ్యులదే.

ఇలా యాజమాన్యం మహిళల చేతిలో ఉంచుకొన్న ఉదాహరణ మన దేశంలోనే ఉంది. రాజస్థాన్‌లోని డూంగర్‌పూర్‌లో గిరిజన మహిళలు ఐఐటీ బొంబాయి సాంకేతిక సహాయంతో సౌర ఫలకాలు తయారుచేసే కంపెనీని నెలకొల్పుకొన్నారు. అందులో వారు కూలీలుగా మాత్రమే కాక వాటాదారులుగానూ ఉన్నారు. బయటి దేశాల్లో చూస్తే, కెనడాలోని లిటిల్ బఫెలో అనే చోట లుబికన్ క్రీ తెగకు చెందిన మెలీనా లాబుకన్ మసీమో 2015లో 20.8 కిలోవాట్ల సౌర కేంద్రాన్ని తమ ఊరి ఆరోగ్య కేంద్రం కోసం కట్టించారు. చుట్టూ చమురు బావులున్న ఊరు అది. అమెరికాలో నవాహో తెగకు చెందిన వాలియా జాన్స్ తమవారి ఇళ్లకు సౌర విద్యుత్తు అందించే సంస్థను స్థాపించి, 2021లో అక్కడి ఇంధన శాఖలో ఆదివాసుల వ్యవహారాలు చూసే విభాగానికి అధిపతి అయ్యారు.

డబ్బు

పథకాలు మారుతుంటాయి కనుక అర్జీ పెట్టే నెలలో ఏవి నడుస్తున్నాయో వెలుగు, ఐటీడీఏ కార్యాలయాల్లో అడిగి రాసుకోవాలి. స్వయం సహాయక సంఘానికి ఇచ్చే అప్పుకు 20 లక్షల రూపాయల వరకు బ్యాంకు తాకట్టు అడగకూడదన్నది రిజర్వ్ బ్యాంకు ఆదేశం. అడిగితే ఆ మాటే చెప్పాలి. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు సహాయం చేసే కేంద్ర పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, రాయితీగా ఉండేది. అదే పథకంలో సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల వరకు మూల పెట్టుబడి ఏర్పాటూ ఉండేది. ఇంటి కప్పుకు ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ, అంటే 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయలు, ఇళ్లకే గాని మిల్లుకు వర్తించదు. రెంటినీ కలిపి మాట్లాడే ఏజెంటును నమ్మవద్దు. కొండ సవర, గదబ వంటి ఆదిమ తెగల ఆవాసాల్లో కరెంటు లేని ఇళ్లకు 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద 0.3 కిలోవాట్ల సౌర యూనిట్లు ఇచ్చే ఏర్పాటు వేరే ఉంది. అది దీపాలకూ ఫ్యానుకూ సరిపోతుంది, మోటారుకు చాలదు.

ఎండ, నీడ, మోటారు

మబ్బులేని రోజున 1 కిలోవాటు ప్యానెళ్లు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. 2 హార్స్‌పవర్ మోటారు సుమారు 1,500 వాట్లది. నష్టాలు కలుపుకొంటే గంటకు రెండు యూనిట్ల దాకా లాగుతుంది. కాబట్టి 3 కిలోవాట్ల ప్యానెళ్లతో పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు బ్యాటరీ లేకుండానే పని సాగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఇందులో సగం కూడా రాని రోజులు ఉంటాయి. అయితే పసుపు పని అప్పటికే ముగిసి, చోళ్లు ఇంకా చేనులోనే ఉండే కాలం అది.

మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకన్నా అనేక రెట్లు కరెంటు లాగుతుంది. ప్యానెళ్ల కరెంటును మోటారుకు తగినట్లు మార్చే ఇన్వర్టరు చిన్నదైతే అక్కడే పడిపోతుంది. అందుకని మోటారును నెమ్మదిగా వేగమందుకొనేలా చేసే వీఎఫ్‌డీ పరికరం గానీ, సోలార్ కోసమే చేసిన డీసీ మోటారు గానీ ఉండాలి. డబ్బు చెల్లించే ముందు సరఫరాదారును ఊరికి రప్పించి, మీ చోళ్లే అయిదు కిలోలు పోసి, మబ్బు కమ్మిన వేళ ఆడించి చూపమనాలి. మధ్యలో ఆపించి, గింజ ఖాళీ చేయించి, వెంటనే మళ్లీ మొదలుపెట్టించాలి. ఇలా మూడుసార్లు ఆగకుండా అందుకొంటేనే కొనాలి. ఎండ మాడ్చే మధ్యాహ్నం ఖాళీగా తిరిగే మిల్లు ఏ ఇన్వర్టరుతోనైనా తిరుగుతుంది.

ప్యానెళ్లు దక్షిణానికి చూడాలి. మన ప్రాంతానికి వాలు సుమారు 18 డిగ్రీలు సరిపోతుంది. అంటే ప్యానెల్ పొడవున మీటరుకు ఎగువ అంచు 31 సెంటీమీటర్లు లేచి ఉండాలి. టేపుతో ఎవరైనా కొలవవచ్చు. నీడ విషయంలో మాత్రం కంటితో చూసి సరిపెట్టుకోకూడదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు 10 మీటర్ల చెట్టు నీడ మిట్టమధ్యాహ్నమే ఉత్తరం వైపు 9 మీటర్లు సాగుతుంది, ఉదయం సాయంత్రాల్లో ఇంకా ఎక్కువ. ఒక ప్యానెల్ మూలన పడిన చిన్న నీడ వరసలోని మిగతా ప్యానెళ్ల ఉత్పత్తినీ దిగలాగుతుంది. చింతచెట్టో, జీలుగుచెట్టో అడ్డమైతే చెట్టు కొట్టవద్దు; ఏటేటా కాపునిచ్చే చెట్టు అది, ప్యానెల్‌కు మరో చోటు దొరుకుతుంది.

ఊళ్లో ఈపీడీసీఎల్ (విద్యుత్ పంపిణీ సంస్థ) లైను ఉంటే దానికి కలుపుకొని మిగులు కరెంటును లెక్కలో జమ చేయించుకోవచ్చు. అయితే లైనుకు కలిపిన మామూలు ఇన్వర్టరు, లైనులో కరెంటు పోగానే ఎంత ఎండ ఉన్నా తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకూడదనే ఆ ఏర్పాటు. కరెంటు తరచూ పోయే ఊళ్లో ఈ సంగతి తెలియక కొన్నవారు తెల్లబోతారు. అలాంటి చోట లైను పోయినా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు గానీ, లైనుతో సంబంధం లేని విడి యూనిట్ గానీ అడగాలి.

ఆపరేటర్లు

ఒక్కరికి కాక ముగ్గురికి నేర్పాలి. వారిలో కనీసం ఇద్దరు ఊళ్లోనే స్థిరపడిన కోడళ్లో, నడివయసు దాటిన వారో కావాలి. చురుకైన అమ్మాయికే నేర్పాలని అందరికీ అనిపిస్తుంది గానీ, ఆమె పెళ్లయి వేరే ఊరు వెళ్తే నేర్పిన పని కూడా ఆమెతోనే వెళ్తుంది. రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కళాశాల ఈ కారణంగానే నడివయసు మహిళలను ఎంచుకొంటుంది. చదువు రానివారికి తీగల రంగుల గుర్తులతోనే సౌర పరికరాల పని నేర్పి పంపుతుంది. మన దగ్గర శిక్షకులు తెలుగులో గబగబా చెప్పి వెళ్లిపోతారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన ప్రాంతం ఇది. సవర ఊళ్లో శిక్షణ సవరలో జరగాలని సంఘం ఒప్పందంలోనే రాయించుకోవడం అతి కోరిక కాదు. శిక్షకుడికి భాష రాకపోతే పక్కన చెప్పే మనిషిని పెట్టాలి.

నేర్పవలసినవి ఎక్కువేమీ కాదు. ప్యానెల్ వెనుక అతికించిన కాగితంపై వీఓసీ (దేనికీ కలపనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజి) అని రాసిన సంఖ్యను చదవడం, మల్టీమీటరుతో కొలిచి దానితో పోల్చడం, తీగల బిగువు చూడటం, తెల్లవారుజామున ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో, మెత్తని గుడ్డతో తుడవడం, బెల్టు మార్చడం, జల్లెడ మార్చడం ఇవే ప్రధానం. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ తీగల్లో కరెంటు ఉంటుందనీ, మెయిన్ స్విచ్ ఆపినా పైభాగంలో అది పోదనీ మొదటి రోజే గట్టిగా చెప్పాలి. ఇన్వర్టరు మూత విప్పే పని కంపెనీ వారిదే. గిర్ని దగ్గర కూర్చొనే మనిషి కొంగు బిగించి దోపుకోవాలి, జుట్టు ముడివేసుకోవాలి.

ఆపరేటరుకు కిలో లెక్కన గాక నెల జీతం ఇవ్వాలి. కిలో లెక్క పెడితే మబ్బు రోజున కూడా మోటారును బలవంతాన తిప్పుతారు.

పుస్తకంలో తేదీ, ఎవరి సరుకు, ఎన్ని కిలోలు, ఎంత తీసుకొన్నాం, మీటరులో ఎన్ని యూనిట్లు అన్న అయిదు గడులు చాలు. ఆడిన కూలిని దిగువ ఊరి మిల్లు ధరకు సమానంగానే పెట్టాలి, తగ్గించకూడదు. దారిఖర్చు మిగలడమే సభ్యులకు లాభం. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి గాని ఇన్వర్టరు అంతకాలం రాదు. దాని ధర 40,000 అనుకొని, ఎనిమిదేళ్లకు మార్చవలసి వస్తుందనుకొంటే నెలకు సుమారు 420 రూపాయలు పక్కన పెట్టాలి. ఈ మొత్తాన్ని పండుగలకూ అప్పులకూ ముట్టకూడదని తీర్మానం రాసుకోవాలి.

బయటి కంపెనీ వచ్చినప్పుడు

సాలూరు, పాచిపెంట కొండల్లో నీటిని పైకి తోడి నిల్వచేసి విద్యుత్తు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చాయి. కాలుష్యం లేని విద్యుత్తు అయినంత మాత్రాన భూమి ప్రశ్న మాయం కాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. మిల్లు నడిపి లెక్కలు, తీర్మానాలు, ఒప్పందాలు చూసిన సంఘం ఇలాంటి గ్రామసభలో మిగతావారికన్నా గట్టిగా అడగగలదు. ఎన్ని ఎకరాలు మునుగుతాయి, ఏ వాగు నీరు మళ్లుతుంది, ఉద్యోగాల్లో శాశ్వతమైనవి ఎన్ని, వాటిలో గిరిజన మహిళలకు ఎన్ని, ఊరికి వాటా ఉంటుందా అన్న ప్రశ్నలు రాసి ఇచ్చి, జవాబులు కూడా రాతలోనే తీసుకోవాలి. నోటిమాటగా చెప్పిన ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

తుపాను జాగ్రత్త

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన జిల్లాలను దెబ్బతీశాయి. పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గాలులు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, ఒక్కో ఊపున 165 దాకా వీచాయి. కాబట్టి ప్యానెళ్ల ఇనుప చట్రం ఎంత గాలిని తట్టుకొంటుందో సరఫరాదారు కాగితం మీద రాసివ్వాలి. 150 అని రాసి ఉంటే చాలదనండి. కాంక్రీటు దిమ్మెలు, జింకు పూసిన ఇనుము, పిడుగు నిరోధకం, దానికి వేరుగా ఎర్తు గుంత తప్పనిసరి. గుంతలో వేసవిలో నెలకోసారి బిందెడు నీళ్లు పోయాలి. బీమా పత్రంలో యజమాని స్థానంలో సంఘం పేరు ఉండాలి, సరఫరాదారు పేరు కాదు. ఏటా సెప్టెంబరు నెలాఖరులో ముగ్గురు ఆపరేటర్లూ కలిసి ప్రతి బోల్టునూ స్పానరుతో బిగించి, చుట్టుపక్కల ఎండు కొమ్మలు కొట్టించి, నాలుగు వైపుల నుంచి తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోవాలి. నష్టపరిహారం అడిగే రోజున బీమావారు మొదట అడిగేది ఆ ఫొటోలనే.